గుళికల పొయ్యికి పదును

మండపేటలో రిటైరైన బాయిలర్ మేస్త్రి ప్రేమ్ కుమార్ గారికి ఒక్కటే పిచ్చి. కొత్తది ఏదైనా సరే, పదును కానిదే వాడరు. తాను వాడకపోతే వాడకపోయారు, పక్కవాళ్ళనీ వాడనివ్వరు.

కొత్త అట్లపెనం కొంటే ఏం చేస్తాం? నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, కాచి, చల్లార్చి, మళ్ళీ కాచి, నాలుగు రోజులు దాన్ని బతిమాలుకుంటాం. అప్పుడు గానీ అట్టు అంటుకోకుండా లేవదు. పెనం పదునెక్కిందంటాం. ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ప్రేమ్ కుమార్ గారు ఆ సూత్రాన్ని పెనం దగ్గర ఆపలేదు. చెప్పులకీ, గొడుగులకీ, సెల్ ఫోనులకీ, చివరికి మనుషులకీ వర్తింపజేశారు.

చెప్పులు కొంటే మొదటి వారం గుమ్మం దాకా, రెండో వారం గేటు దాకా, మూడో వారం చర్చి దాకా తొడిగేవారు. కొత్త ఫోను కొన్నప్పుడు దాన్ని పది రోజులు పాత ఫోను పక్కనే పడుకోబెట్టారు. ఎందుకని భార్య హెలెన్ గారు అడిగితే, "పెద్దదాని పక్కనుండి చూడనీ హెలెన్, పని తెలుస్తుంది," అన్నారు.

చర్చికి కొత్త పాస్టరు గారు వచ్చినప్పుడైతే మూడు నెలల పాటు ప్రేమ్ కుమార్ గారి నోట ఆమెన్ రాలేదు. సంఘమంతా ఆమెన్ అంటుంటే ఆయన చేతులు కట్టుకుని, పాస్టరు గారిని పైనుంచి కిందికి పరిశీలనగా చూస్తూ కూర్చునేవారు. పాపం పాస్టరు గారు ఉండబట్టలేక అడిగేశారు. "నా ప్రసంగంలో ఏదైనా లోపమాండీ?"

"అబ్బే, మంచి ప్రసంగమేనండి. ఇంకా పదునెక్కాలి, అంతే."

నాలుగో నెల మొదటి ఆదివారం, ప్రసంగం సగంలో ఉండగా, మిల్లు కూతలాంటి ఆమెన్ ఒకటి వెనక బెంచీలోంచి లేచింది. పాస్టరు గారు ఏ వచనం చదువుతున్నారో మరిచిపోయి, సంతోషం పట్టలేక కాసేపు నీళ్ళు తాగారు.

ఇక బుజ్జిబాబు సంగతి. బుజ్జిబాబు ప్రేమ్ కుమార్ గారి పక్కింట్లో అద్దెకు దిగి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా బుజ్జిబాబుని పేరు పెట్టి పిలవలేదు. ఎవరైనా అడిగితే, "మా పక్కన కొత్తగా దిగినవారు," అని చెప్పేవారు. ఎదురుపడితే "ఏవండి" అనేవారు. బుజ్జిబాబు భార్య సూర్యకళకి ఇది చిన్నతనంగా ఉండేది. "మనమేమైనా నిన్న సామాను దింపామాండీ?" అని మొగుడి మీద విసుక్కునేది. బుజ్జిబాబు మాత్రం ఏమీ అనుకునేవాడు కాదు. ఆయనంటే అతనికి భయంతో కూడిన ఆశ్చర్యం.

ఆశ్చర్యపోవలసిందే మరి. ముప్ఫై నాలుగేళ్ళు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌కి ఊక వేసిన మనిషి. ఇప్పటికీ ఇంట్లో పళ్ళు తోముకుంటూ దూరంగా వినపడే మిల్లు కూత విని, "ఇవాళ ఊక తడిసినట్టుంది, మంట ఏడుస్తోంది," అనేవారు. బుజ్జిబాబు ఒకసారి సైకిలేసుకుని మిల్లుకి వెళ్ళి కనుక్కున్నాడు. నిజంగానే ఊక తడిసింది.

బుజ్జిబాబుకి ఒక పాత గాయం ఉంది. ఏడేళ్ళ కిందట అతను బైపాసు రోడ్డులో నూడుల్స్ కొట్టు తెరిచాడు. పన్నెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు, బుడగలు కట్టాడు, మైకులో పాటలు పెట్టాడు. మొదటి రోజు సాయంత్రం నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా ఒకే ఒక్క మనిషి వచ్చాడు. వచ్చి, పంచరు కొట్టు ఎక్కడని అడిగి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. పదిహేడు రోజులకి కొట్టు మూసేశాడు. అప్పటినుంచి బుజ్జిబాబు ఖాళీ కుర్చీని చూడలేడు. ఇంట్లో కుర్చీలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలన పెట్టి, మీద దుప్పటి కప్పేశాడు. చుట్టాలొస్తే చాపే గతి.

అలాంటివాడు మళ్ళీ కొట్టు పెడతానన్నాడు. ఫోనులో ఒక పొయ్యిని చూశాడు. నల్లటి పీపాలా ఉంటుంది. ఒక పక్కన డబ్బా, అందులో కలప పొట్టుని వత్తి చేసిన చిన్న చిన్న గుళికలు పోయాలి. కరెంటు పెడితే లోపల మర తిరిగి ఒక్కో గుళికా నిప్పులోకి తోస్తుంది, ఫ్యాను మంటని ఊదుతుంది. మూత మూస్తే చేప నూనె చుక్క లేకుండా ఆ సెగలో, ఆ పొగ వాసనలో కాలుతుంది. పండుగప్ప చేపని అలా కాల్చి అమ్మితే ఊరు విరగబడుతుందని బుజ్జిబాబు ఆశ. ఊళ్ళో అందరికీ పులుసో వేపుడో తప్ప తెలియదు, ఎవరొస్తారని సూర్యకళ భయం. ఇంకోసారి ఖాళీ కుర్చీల మధ్య కూర్చోవలసి వస్తే ఇక ఈ జన్మలో తలెత్తనని బుజ్జిబాబు తనలో తనే అనుకున్నాడు. ఆ మాట పెళ్ళాంతో అనలేదు గానీ ఆవిడకి తెలుసు.

జూలైలో, వానలు మొదలయ్యాక, పొయ్యి హైదరాబాదు నుంచి పార్సిలొచ్చి, ఆటోలో ఇంటి ముందు దిగింది. వెంట ఆరు బస్తాలు.

"బస్తాల్లో ఏంటండి?" అన్నాడు ఆటో అతను.

"గుళికలు," అన్నాడు బుజ్జిబాబు, వీధంతా వినపడేలా. "ఈ గుళికలేసి చేపలు కాలుస్తాం. పండుగప్ప. రండి, తిందురుగాని."

ఆటో అతను ఏదో పని గుర్తొచ్చినట్టు గబగబా వెళ్ళిపోయాడు.

పొయ్యితోపాటు ఒక పుస్తకం వచ్చింది. డిగ్రీ చదివిన సూర్యకళ కూడబలుక్కుంటూ చదివింది. "మొదటిసారి వాడేముందు సీజనింగ్ చెయ్యాలంటండి."

బుజ్జిబాబు ముఖం వెలిగింది. నూడుల్స్ కొట్టు పెట్టినవాడికి ఆ మాట తెలియకపోతే ఎలా? ప్రతి నూడుల్స్ పొట్లంలోనూ ఒక చిన్న మసాలా పొట్లం ఉంటుంది, దాని మీద రాసి ఉండేది అదే మాట. "మసాలా పట్టించమంటున్నాడే. చేపకి పట్టిస్తాం కదా, ముందు పొయ్యికి పట్టించాలన్నమాట," అన్నాడు. ఇద్దరూ కూర్చుని అర కేజీ అల్లం వెల్లుల్లి నూరారు. కారం, పసుపు, పెరుగు, నిమ్మరసం కలిపారు. ఊచలకీ, గోడలకీ, మూతకీ, పొగగొట్టానికీ దట్టంగా పూసి రెండు గంటలు ఊరనిచ్చారు.

ఆ వాసనకి ప్రేమ్ కుమార్ గారు గోడ మీదుగా తొంగిచూశారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏవండి, అది మిషనాండి, కోడిమాంసమాండి?"

"పొయ్యేనండి గురువుగారూ. సీజనింగ్ చేస్తున్నామండి."

ప్రేమ్ కుమార్ గారు గోడ చుట్టూ తిరిగి రాలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి గోడ దూకి వచ్చారు. పుస్తకం అందుకున్నారు, ఆ మాట మీద వేలు పెట్టారు, వేలు అక్కడే ఉంచి అడిగారు.

"ఏవండి, కలపని సీజన్ చెయ్యడం విన్నారా?"

"విన్నానండి. ఎండబెట్టి, వాడకానికి తేవడం."

"మరి కలపకి కారం పూస్తారాండి?"

బుజ్జిబాబు చేతికంటిన కారం లుంగీకి తుడుచుకున్నాడు.

"పదును చెయ్యమన్నాడండి," అన్నారు ప్రేమ్ కుమార్ గారు. ఇన్నేళ్ళుగా ఊరంతా తనని చూసి నవ్వుతూ ఉంటే, ఎక్కడో దూరదేశంలో మిషన్లు చేసేవాడు తన మాటే అచ్చేయించాడు. "ఇంగ్లీషులో ముక్క ఉందండి దీనికి." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత సంతోషం, మిగతాది కారం ఘాటు.

ఆ క్షణం నుంచి పొయ్యి బుజ్జిబాబుది కాకుండా పోయింది. మసాలా అంతా కడిగి తుడవడానికే ఒక పూట పట్టింది. తర్వాత ప్రేమ్ కుమార్ గారు బస్తాలోంచి ఒక గుళిక తీసి, వడ్లు కొనేవాళ్ళు గింజ కొరికి తేమ చూసినట్టు, పంటి కింద పెట్టి కొరికారు. తల ఒక పక్కకి వంచి విన్నారు.

"టిక్ అంది. పనికొస్తుంది. టక్ అంటే తేమ ఉన్నట్టు, వెయ్యకండి."

బుజ్జిబాబు కూడా ఒకటి కొరికాడు. అతనికి టిక్కూ వినపడలేదు, టక్కూ వినపడలేదు. నోట్లో పొట్టు మాత్రం మిగిలింది.

మొదటి మంట ఖాళీ పొయ్యిలో వెయ్యాలి, ఫ్యాక్టరీలో పూసిన నూనె కాలిపోవాలి. ప్రేమ్ కుమార్ గారు గుళికల డబ్బాకి చెవి ఆనించి, డాక్టరు గుండె చూసినట్టు కళ్ళు మూసుకున్నారు. "ఒక గుళిక మరలో అడ్డం తిరిగిందండి," అన్నారు. విప్పి చూస్తే అడ్డంగా ఒకటి ఇరుక్కుని ఉంది. తర్వాత పొగగొట్టం పైన అరచెయ్యి పెట్టి, "నూట డెబ్బై ఆరు," అన్నారు. బుజ్జిబాబు వంగి పొయ్యికున్న వేడి మీటరు చూశాడు. నూట డెబ్బై నాలుగు. తప్పు పట్టుకున్నందుకు అతనికి లోలోపల కాస్త సంబరమైంది. ఇంతలో అంకె మారి నూట డెబ్బై ఆరు దగ్గర ఆగింది.

"మీటరు కొత్తది కదండి," అన్నారు ప్రేమ్ కుమార్ గారు. "మెల్లిగా నేర్చుకుంటుంది."

ఆ రోజునుంచి బుజ్జిబాబు మీటరు చూడ్డం మానేసి ఆయన ముఖం చూడ్డం మొదలుపెట్టాడు.

గురువారం కుండపోత. ఒక బస్తా తడిసి, గుళికలన్నీ ఉబ్బి పొట్టయిపోయి, మర బిగుసుకుపోయింది. ప్రేమ్ కుమార్ గారు మూడు గంటలు నేల మీద బోర్లా పడుకుని మర అంతా ఊడదీసి, శుభ్రం చేసి బిగించారు. మిగతా బస్తాలని రబ్బరు మూతున్న డ్రమ్ముల్లో పోయించి, డ్రమ్ములని చెక్కల మీదికి ఎక్కించారు. నిప్పుగిన్నెలో బూడిద ప్రతి మూడో మంటకీ పాత పెయింటు బ్రష్షుతో ఊడ్చాలన్నారు. కొవ్వు కారే పళ్ళెం ఏ రోజుది ఆ రోజు గోకాలన్నారు. వాన వచ్చినప్పుడల్లా తన గొడుగు తెచ్చి పొయ్యికి పట్టేవారు.

హెలెన్ గారు గోడ అవతలనుంచి చూసి అడిగారు. "పెళ్ళైన కొత్తలో వానలో నడిపించుకొచ్చారు. నాకెందుకు పట్టలేదండీ గొడుగు?"

"అప్పటికి గొడుగు కొత్తది కదా హెలెన్," అన్నారు ఆయన, ఇటు తిరగకుండానే.

కొట్టు ఆదివారం తెరవాలని బుజ్జిబాబు అనుకున్నాడు. శనివారం అడిగాడు. "ఇంకా పదును కాలేదండి," అన్నారు. ఖాళీ మంటలు చాలు, ఇకమీదట చేప కొవ్వు పొయ్యి గోడలకి పట్టాలట. రోజూ చేపలు కాల్చాలి. కాల్చినవి యజమాని తినకూడదు.

"ఎందుకు తినకూడదండి?" అంది సూర్యకళ.

"పదును కాని పొయ్యి మీద వండింది, అమ్మా. మొదటి అట్టు ఇంట్లోవాళ్ళం తింటామా? ఇదీ అంతే."

సూర్యకళ తన ఇంట్లో మొదటి అట్టు తనే తింటుంది. అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక ఊరుకుంది. ఆయన కాలిన చేపలని అరిటాకుల్లో చుట్టి, బుట్టలో పెట్టి, జేబునిండా గుళికలు పోసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయేవారు. రెండు గంటలకి గానీ వచ్చేవారు కాదు. ఆ వాసనకి నోరూరి బుజ్జిబాబు ఆవకాయన్నం తినేవాడు. యానాం నుంచి చేపలు తెచ్చే సుబ్బాయమ్మ మొదట్లో మూడు రోజులు రావడం మానేసింది, చేపలు బజారులో కొనుక్కోవలసి వచ్చింది. నాలుగో రోజు ప్రేమ్ కుమార్ గారి సైకిలు వెనకే గంపతో వచ్చింది. ఎదురింటావిడ రోజూ పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, "సూర్యకళా, మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగి పోయేది. ఆవిడకి అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో సూర్యకళకి అర్థం కాలేదు.

రెండో ఆదివారమూ పదును కాలేదు. సూర్యకళ గోడ దగ్గర హెలెన్ గారిని పట్టుకుంది. "చేపలు ఎలా ఉన్నాయండీ?"

"ఏ చేపలమ్మా? మా ఇంటికి ఒక్క ముల్లు రాలేదు."

అంతే, సూర్యకళకి ఒళ్ళు మండింది. "రోజూ నాలుగు చేపలు. ఎక్కడో కూర్చుని ఒక్కరే తింటున్నారండీ ఆయన. పదునూ లేదు పాడూ లేదు," అంది. బుజ్జిబాబు నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయాడు. చివరికి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం అదే మొదలు.

"గురువుగారూ, నా వల్ల కాదండి. రోజు గడిచేకొద్దీ నాకు భయం పెరిగిపోతోంది. ఎవరూ రారేమోనని. వస్తే వస్తారు, రాకపోతే ఆ ముక్క తేలిపోతుంది. ఈ ఆదివారం తెరిచేస్తానండి."

ప్రేమ్ కుమార్ గారు అతన్ని పైనుంచి కిందికి చూశారు. జేబులోంచి ఒక గుళిక తీసి కొరికారు. "ఇంకా రెండు మిల్లులు ఉన్నాయండి," అన్నారు.

"మిల్లులేంటండి?"

"మంటలండి. రెండు మంటలు. శనివారం చెబుతాను."

శనివారం సాయంత్రం సైకిలు దిగి, పొయ్యి మూత మీద చెయ్యేసి, "అయింది. తలుపులు తియ్యండి," అని ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆదివారం బుజ్జిబాబు బైపాసులో కొట్టు తెరిచాడు. పొయ్యినీ, గుళికల డ్రమ్మునీ ఆటోలో చేర్చాడు; పన్నెండు ఎర్ర కుర్చీలూ తీసుకెళ్ళి, అన్నీ ఒకదాంట్లో ఒకటి అలాగే ఉంచాడు. బుడగలు కట్టలేదు, పాటలు పెట్టలేదు. పొయ్యి ముట్టించి, రోడ్డు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. సూర్యకళ ఉల్లిపాయలు తరుగుతోంది. అవసరమైనవాటికి నాలుగింతలు తరిగేసింది.

పదకొండు దాటాక వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "పంచరు కొట్టు" అంటాడనుకుని బుజ్జిబాబు కళ్ళు మూసుకున్నాడు.

"అరిటాకు చేప ఇక్కడేనాండి?"

తిరిగి చూశాడు. వీరబాబు అనే లారీ డ్రైవరు. అతని వెనక మిల్లులో బస్తాలు మోసే జట్టు, పదిమంది. వాళ్ళ వెనక టీ కొట్టాయన, కొట్టు వదిలేసి వచ్చాడు. చర్చి వదిలినట్టుంది, తెల్లచీరలు కూడా ఇటే వస్తున్నాయి. వీరబాబు డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, చనువుగా ఒక గుళిక తీసి కొరికి, తల పక్కకి వంచాడు.

"టిక్ అందండి. రెండు చేపలు వెయ్యండి," అన్నాడు.

జట్టులో పదిమందీ తలో గుళికా కొరికారు. కొట్టు ముందంతా టిక్కు టిక్కుమంది. బుజ్జిబాబు చేతిలో పట్టకారు అలాగే ఆగిపోయింది.

అప్పుడే రెండో గంప తెచ్చిన సుబ్బాయమ్మ అతని ముఖం చూసి నవ్వింది. "నీకింకా చెప్పలేదా బాబూ ఆయన?"

"ఏంటి చెప్పేది?"

"గుళికలేసి చేపలు కాలుస్తానని వీధిలో చాటావు కదా. చేలో పురుక్కి జల్లే గుళికలనుకున్నారు బాబూ ఊరంతా. విషంతో వండుతున్నాడని ఒకటే గోల. ఆటో అబ్బాయి స్టాండులో చెప్పాడు, స్టాండు ఊరికి చెప్పింది. నేనే నీకు చేపలియ్యకూడదనుకున్నాను, నా మీదికొస్తుందని."

సూర్యకళ కత్తి కింద పెట్టేసింది. ఎదురింటావిడ పరామర్శ ఇప్పుడు అర్థమైంది.

"ఈ పెద్దాయన రోజుకో మిల్లు గేటు దగ్గర సైకిలు ఆపడం," సుబ్బాయమ్మ చెప్పుకుపోయింది. "అందరి ముందూ ఆ గుళిక నమలడం, ఆ చేప ముక్క తినడం. తిని, వాచీ తీసి ముందు పెట్టుకుని, 'గంట ఆగండి. నేను బతికుంటే మిగతాది మీరు తినండి,' అనడం. గంటా కదలకుండా అక్కడే కూర్చునేవారు బాబూ, వానలో కూడా. గంట అయ్యాక లేచి నిలబడి, ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు నడిచి చూపించేవారు. అప్పుడు తినేవాళ్ళు. నీకు చెప్పొద్దన్నారు. ఒకసారి ఖాళీ కుర్చీలు చూసిన పిల్లాడు, ఇది వింటే అసలు తలుపే తియ్యడన్నారు."

బుజ్జిబాబుకి పొయ్యి సెగ ఒక్కసారిగా కళ్ళకి తగిలింది. మోచేత్తో తుడుచుకున్నాడు.

ఇంతలో ప్రేమ్ కుమార్ గారు హెలెన్ గారితో చర్చి నుంచి నడిచి వచ్చారు. వరసని పక్కనుంచి దాటుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, తిన్నగా పొగగొట్టం దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టి చూశారు.

"గురువుగారూ," అన్నాడు బుజ్జిబాబు. "ఈ పొయ్యి పదునెప్పుడు అయిందండి?"

"నాలుగో మంటకే అయిందండి."

"మరి మూడు వారాలు..."

"పొయ్యి అయింది. ఊరు కాలేదు," అన్నారాయన, బూడిద ఎంత చేరిందోనని వంగి చూస్తూ.

సూర్యకళ గబగబా చేతులు కడుక్కుంది. మూలనున్న కుర్చీల దొంతర విడదీసి, ఒకదాన్ని చీరకొంగుతో తుడిచి ఆయన ముందు వేసింది. ఆయన దాన్ని చూసి కూర్చోలేదు. వంగి, కాళ్ళు పరిశీలించారు.

"కొత్త కుర్చీయా అమ్మా?"

"కాదండి. నూడుల్స్ కొట్టు నాటిది. ఏడేళ్ళయింది."

"ఎవరైనా కూర్చున్నారా దీంట్లో?"

సూర్యకళ వరసలో నిలబడ్డ జనం వైపు ఒకసారి చూసి, "ఇవాళ్టినుంచి కూర్చుంటారండి," అంది.

కొత్త వస్తువులో మొదట కూర్చోవడం ప్రేమ్ కుమార్ గారి జీవితంలో లేదు. హెలెన్ గారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన లాల్చీ సర్దుకుని, మెల్లిగా, ఒక పక్కనుంచి మొదలుపెట్టి, కుర్చీలో పూర్తిగా కూర్చున్నారు.

"బుజ్జిబాబూ," అన్నారు. "నాకో తోక ముక్క వెయ్యి."

సూర్యకళ మొగుడి వైపు చూసింది. హెలెన్ గారు సూర్యకళ వైపు చూశారు. పదకొండేళ్ళ తర్వాత తన పేరు తనకే కొత్తగా వినపడి, బుజ్జిబాబు పట్టకారు పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"వెనక వరసలో రెండోది మాడుతోంది," అన్నారు ప్రేమ్ కుమార్ గారు, పొయ్యి వైపు తిరక్కుండానే.

మూత తీసి చూస్తే నిజంగానే మాడుతోంది.